కొమ్ము విరిచి చూడలేని చోట

నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు రాశి దగ్గరికి వచ్చిన ఖరీదుదారు ముందుగా ఒక కొమ్ము తీసి రెండు చేతులతో విరుస్తాడు. పాలిష్ డ్రమ్ములో తిరిగి వచ్చిన కొమ్ము పైకి ఎప్పుడూ నున్నగా, పచ్చగానే ఉంటుంది. అది సరిగ్గా ఉడికిందా, నడిమి దాకా ఎండిందా, రంగు లోపల కూడా పట్టిందా అన్నది విరిగిన చోటే తెలుస్తుంది. బాగా ఎండినది టక్కున, లోహం మోగినట్టు విరుగుతుంది. తేమ మిగిలినది వంగుతుంది. సిరికొండ, ఆర్మూర్, బాల్కొండ పల్లెల్లో ఎనిమిది తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఆరబెట్టి తెచ్చిన పంట విలువ చాలావరకు ఆ విరుపు దగ్గరే తేలుతుంది. ఆ పంట పండించిన మనిషి గుండె మీది ధమనిని మాత్రం ఎవరూ విరిచి చూడలేరు. 3, 4 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ గొట్టం గోడలో ఏం చేరిందో, చేరినది గట్టిపడి నిలిచిందో, పగలడానికి సిద్ధంగా ఉందో పైనుంచి తెలియదు. ఆ మనిషి చేనుకు పోతాడు, తవ్వుతాడు, బస్తాలు మోస్తాడు. ఏ సూచనా లేకుండానే ఒక రోజు కుప్పకూలిపోతాడు. అందుకే వైద్యశాస్త్రం కొన్ని దశాబ్దాలుగా రక్తాన్నే సాక్షిగా పిలిచి అడుగుతోంది: ఆ గోడలో ఏం జరుగుతోందో నువ్వైనా చెప్పగలవా అని.

రక్తం చాలా సంగతులే చెబుతుంది. అయితే అది చెప్పేవన్నీ ఒకే కోవకు చెందినవి కావు. పసుపు ఉడికించే కడాయి కింది పొయ్యిని చూడండి. అక్కడ కట్టె ఉంటుంది, పొగ ఉంటుంది, బూడిద ఉంటుంది. మూడింటిలో దేన్ని చూసినా మంట సంగతి తెలుస్తుంది. కానీ కట్టె బయటికి లాగితేనే మంట తగ్గుతుంది. పొగను విసిరి చెదరగొడితే తగ్గదు. బూడిద ఎత్తిపోస్తే అసలే తగ్గదు. రక్తపరీక్షలో కనిపించే అంకెలు కూడా ఇలాగే మూడు తీర్లు: ధమని గోడలో రోగాన్ని రాజేసేవి, రోగం రాజుకుంటోందని తెలియజేసేవి, నష్టం జరిగిపోయాక మిగిలేవి. ఏ అంకె ఏ తీరుదో తెలుసుకోకుండా దాన్ని తగ్గించుకుని గుండెను కాపాడుకున్నామనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు అని ఈ అధ్యాయం వాదిస్తుంది. పసుపు పండే నేల మీద ఈ తేడా తెలియడం మరీ అవసరం. ‘పసుపు వాపును తగ్గిస్తుంది, గుండెపోటు వాపు వల్లే వస్తుంది, కాబట్టి పసుపు గుండెను కాపాడుతుంది’ అన్న మాట ఇక్కడ ఇంటింటా వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉండే ఆ మాటను చివరికంటా పరీక్షించి చూడాలి.

ముందు ఒక మాటను సరిదిద్దుకోవాలి. గుండె రక్తనాళంలో కొవ్వు ‘పూడుకుపోయింది’ అంటాం. చెరువులో పూడిక నీటి అడుగున, నీరు తగిలే చోట పేరుకుంటుంది. ధమనిలో జరిగేది అది కాదు. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోస్తూ తిరిగే ఎల్‌డీఎల్ రేణువులు ధమని లోపలి పల్చటి అస్తరును దాటి గోడలోకే దూరతాయి. అక్కడ చిక్కుకుని చెడిపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి వచ్చిన తెల్లకణాలు తినగలిగినంత తిని, ఉబ్బి, నురగతో నిండినట్టు మారి, అక్కడే చచ్చిపోతాయి. మిగిలేది మెత్తటి కొవ్వు ముద్ద. దీనికి వైద్యంలో వాడే ‘అథెరోమా’ అనే పేరు గ్రీకు భాషలో జావను చెప్పే మాట నుంచి పుట్టింది. ఆ జావ మీద గోడలోని కండరకణాలు నార లాంటి కొల్లాజెన్‌తో ఒక పైపొర అల్లుతాయి. కాబట్టి దీన్ని పూడికతో పోల్చడం కంటే చర్మం కింద చీము పట్టిన సెగగడ్డతో పోల్చడం నిజానికి దగ్గర. సెగగడ్డ ఎంత పెద్దదన్నది ఒక ప్రశ్న. పైచర్మం ఎంత పల్చగా ఉంది, లోపల ఎంత చీముంది అన్నవి వేరే ప్రశ్నలు. గుండెపోటుతో మరణించినవారి ధమనులను సూక్ష్మదర్శిని కింద పరిశీలించిన రోగనిర్ధారణ నిపుణులు 1990ల్లో ఒక కొలత ఇచ్చారు: పగిలిన గడ్డల పైపొర దాదాపు ఎప్పుడూ 65 మైక్రాన్ల కంటే పల్చగా, అంటే ఒక తల వెంట్రుక మందం కంటే తక్కువగా ఉంది. లోపలి తెల్లకణాలు విడుదల చేసే ఎంజైములు ఆ నారను కరిగిస్తూ పోతాయి. పొర చిరిగి లోపలి జావకు రక్తం తగలగానే నిమిషాల్లో గడ్డకడుతుంది, దారి మూసుకుపోతుంది. గుండెపోటుల్లో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు పొర చిరగకుండానే, పైనున్న అస్తరు ఒలిచినట్టయి గడ్డకట్టడం వల్ల వస్తాయి.

మాటలోని పొరపాటు వైద్యంలోకీ పాకింది. పూడిక అనుకుంటే తవ్వి తీయాలనో, గొట్టాన్ని వెడల్పు చేయాలనో అనిపిస్తుంది. గొట్టాన్ని వెడల్పు చేసే స్టెంట్ గొప్ప సాధనం. 1990ల్లో హైదరాబాద్‌లో డాక్టర్ బి. సోమరాజు, ఏపీజే అబ్దుల్ కలాం కలిసి రూపొందించిన కలాం-రాజు స్టెంట్ ఆ సాధనాన్ని మనవాళ్లకు అందుబాటు ధరలోకి తేవాలన్న తపనతో పుట్టింది. గుండెపోటు వచ్చిన గంటల్లో మూసుకున్న ధమనిని తెరిచే స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది, ఇందులో సందేహం లేదు. అయితే గుండెపోటు రాకుండా, నిలకడగా ఉన్న సన్నదనానికి ముందుగానే స్టెంట్ వేస్తే? 2007లో వెలువడిన కరేజ్ పరీక్షలో 2,287 మందిని, 2020లో వెలువడిన ఇస్కీమియా పరీక్షలో 5,179 మందిని పరిశీలించారు. మంచి మందుల చికిత్సకు స్టెంట్ లేదా బైపాస్ జోడించినా మరణాలు తగ్గలేదు. నొప్పి నుంచి ఉపశమనం మాత్రం మెరుగైంది. 2011లో వెలువడిన ప్రాస్పెక్ట్ అధ్యయనం దీనికి కారణాన్ని దగ్గరగా చూపింది. గుండెపోటుతో వచ్చిన 697 మంది మూడు ధమనులనూ లోపలినుంచి అల్ట్రాసౌండ్‌తో పరిశీలించి మూడేళ్లకు పైగా గమనించారు. చికిత్స చేయని చోట్ల ఆ తర్వాత ప్రమాదం తెచ్చిన గడ్డలు మొదట్లో యాంజియోగ్రామ్‌లో ధమనిని సగటున 32 శాతమే ఇరుకు చేసి కనిపించాయి. అంటే దారిలో మూడింట రెండు వంతులు తెరిచే ఉన్నాయి. ముప్పును పట్టిచ్చింది ఇరుకుదనం ఒక్కటే కాదు: పైపొర పల్చదనం, గోడలో పేరుకున్న మొత్తం, మిగిలిన దారి వైశాల్యం కలిసి పట్టిచ్చాయి.

ఇప్పుడు రక్తంలోని అంకెల దగ్గరకు వద్దాం. బూడిదతో మొదలుపెడదాం, ఎందుకంటే ఆసుపత్రిలో అందరికంటే ముందు అడిగేది దాన్నే. ఛాతీ నొప్పితో వచ్చినవారికి చేసే ట్రోపొనిన్ పరీక్ష గుండె కండరం లోపలి ప్రొటీన్‌ను కొలుస్తుంది. ఆ ప్రొటీన్ ఉండవలసిన చోటు కండరకణం. రక్తంలో పెరిగిందంటే కణాలు దెబ్బతిన్నాయని అర్థం. గుండెపోటు మొదలైన కొన్ని గంటల్లో పెరిగి రోజుల తరబడి కనిపిస్తుంది. రోగనిర్ధారణకు దీనంత నమ్మకమైన సాక్షి మరొకటి లేదు. అయినా ఇది జరిగిపోయిన నష్టానికే సాక్షి. ధమని గోడలో పగలబోయే గడ్డ గురించి నిన్న తీసిన ట్రోపొనిన్ హామీ ఇవ్వలేదు. ‘ఈసీజీ బాగుంది, రక్తపరీక్ష బాగుంది’ అని ఇంటికి వచ్చి నిశ్చింతగా ఉండిపోయే మనిషి, ఆ రెండూ ఆ ఘడియ సంగతినే చెప్పాయని తెలుసుకోవాలి.

కట్టె విషయం వేరు. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ గడ్డకు కేవలం గుర్తు కాదు, ముడిసరుకు. ఈ మాట ఇంత ధైర్యంగా చెప్పగలగడానికి మూడు వేర్వేరు దారుల్లో వచ్చిన ఆధారాలు ఒకే చోట కలవడమే కారణం. మొదటిది పుట్టుక. బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు ఎల్‌డీఎల్‌ను రక్తం నుంచి తీసేసే గ్రాహకాన్ని కనుగొని 1985లో నోబెల్ బహుమతి అందుకున్నారు. తల్లినుంచీ తండ్రినుంచీ కూడా ఆ గ్రాహకపు జన్యువు లోపంతో సంక్రమించిన పిల్లలకు చిన్న వయసులోనే గుండెపోటు వస్తుంది. దీనికి తలకిందుల ఉదాహరణ 2006లో దొరికింది. పీసీఎస్‌కే9 అనే జన్యువు సరిగా పని చేయకపోవడం వల్ల జీవితాంతం ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువగా ఉన్న ఆఫ్రికన్ అమెరికన్లలో గుండె ధమనుల జబ్బు 88 శాతం తక్కువగా కనిపించింది. వారు ఏ మందూ మింగలేదు, పుట్టుకే వారికి ఆ రక్షణ ఇచ్చింది. రెండోది మందు. జపాన్‌లో అకిరా ఎండో 1970ల్లో బూజు నుంచి తీసిన పదార్థంతో మొదలైన స్టాటిన్‌ల మీద లక్షకు పైగా మనుషులతో పరీక్షలు జరిగాయి. డెసిలీటరు రక్తంలో ఎల్‌డీఎల్ ప్రతి 39 మిల్లీగ్రాముల తగ్గుదలకు గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు సుమారు ఐదో వంతు తగ్గాయి. మూడోది గడ్డనే నేరుగా చూడడం. 2022లో వెలువడిన హైగెన్స్ పరీక్షలో గుండెపోటు వచ్చి కోలుకుంటున్న 161 మంది ధమనుల్లోకి కాంతితో చూసే సన్నటి తీగ పంపి పైపొర మందాన్ని కొలిచారు. స్టాటిన్‌కు తోడు ఎల్‌డీఎల్‌ను ఇంకా బాగా దించే ఇంజెక్షన్ తీసుకున్నవారిలో ఏడాదిలో ఆ పొర 42.7 మైక్రాన్లు మందమైంది. స్టాటిన్ మాత్రమే తీసుకున్నవారిలో 21.5 మైక్రాన్లు. రక్తంలో అంకె దిగితే గోడలో పొర పెరిగింది. కట్టె లాగితే మంట తగ్గడమంటే ఇదే.

కట్టెను సరిగా లెక్కించడం కూడా మనవాళ్ల విషయంలో అవసరం. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ పరీక్ష బస్తాల్లోని సరుకు బరువును చెబుతుంది, బస్తాల సంఖ్యను చెప్పదు. గోడలోకి దూరేది రేణువు, అంటే బస్తా. ప్రతి రేణువు మీదా అపోబీ అనే ప్రొటీన్ ఒక్కటే ఉంటుంది కాబట్టి అపోబీని కొలిస్తే రేణువుల లెక్క తేలుతుంది. షుగరు, ట్రైగ్లిసరైడ్లు ఎక్కువగా, పొట్ట ముందుకు వచ్చి ఉండే మన దేశస్థుల్లో చిన్న రేణువులు ఎక్కువ. వారిలో ఎల్‌డీఎల్ అంకె మామూలుగా కనిపించినా రేణువుల సంఖ్య ఎక్కువగా ఉండవచ్చు. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో గుండెపోటుతో అన్నిటికంటే బలంగా ముడిపడ్డ అంశం అపోబీకి, అపోఏ1 అనే మరో ప్రొటీన్‌కు ఉన్న నిష్పత్తి. ఆ అధ్యయనంలోనే దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53వ ఏట, మిగతా దేశాల వారికి దాదాపు 59వ ఏట వచ్చినట్టు తేలింది. ఇంకొక కట్టె ఉంది, అది వారసత్వంగా వచ్చేది: లైపోప్రొటీన్-ఎ. 1963లో నార్వేలో కనుగొన్న ఈ రేణువు మోతాదును ప్రధానంగా జన్యువులే నిర్ణయిస్తాయి. తిండి మార్చినా పెద్దగా మారదు. ఇది ఎక్కువగా ఉన్నవారి ధమనుల్లో మెత్తటి కొవ్వు భాగం ఏడాదిలోనే వేగంగా పెరుగుతున్నట్టు స్కాట్లాండ్ పరిశోధకులు సీటీ స్కాన్‌తో చూపారు. దీన్ని జీవితంలో ఒక్కసారైనా కొలిపించుకోవాలని భారత కార్డియాలజీ సంఘం 2024లో సిఫారసు చేసింది.

ఇక పొగ. సీ-రియాక్టివ్ ప్రొటీన్, అంటే సీఆర్‌పీ, 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో న్యుమోనియా రోగుల రక్తంలో బయటపడింది. ఒంట్లో ఎక్కడ వాపు రేగినా కాలేయం దీన్ని తయారు చేసి రక్తంలోకి వదులుతుంది. ధమని గోడలో గడ్డ చుట్టూ సాగే సన్నటి వాపును కూడా పట్టగల సున్నితమైన పరీక్ష వచ్చాక, 1990ల చివర్లో, పైకి ఆరోగ్యంగా ఉన్నవారిలో ఎవరికి మున్ముందు గుండెపోటు వస్తుందో సీఆర్‌పీ కొంత ముందే సూచిస్తుందని తెలిసింది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ముప్పు, 3 దాటితే ఎక్కువ ముప్పు అని కొలమానం ఏర్పడింది. అక్కడినుంచి ఆలోచన సహజంగానే ఒక మెట్టు ముందుకు దూకింది: సీఆర్‌పీని తగ్గిస్తే గుండెపోటు తగ్గుతుందా? జన్యువులను అడిగితే వచ్చిన సమాధానం స్పష్టం. పుట్టుకతోనే సీఆర్‌పీ ఎక్కువగా తయారయ్యే జన్యువులున్నవారికి గుండెపోటు ఎక్కువ రాలేదు. లక్షా తొంభై వేలకు పైగా మనుషుల సమాచారాన్ని కలిపి 2011లో ఈ సంగతి తేల్చారు. సీఆర్‌పీ కట్టె కాదు. అయితే ఆ పొగ వచ్చే మంట నిజమైనదే. సీఆర్‌పీకి పైన, వాపును నడిపించే గొలుసులో ఉన్న ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకపు జన్యువును పరిశీలిస్తే, ఆ గొలుసు మందగించి పుట్టినవారికి గుండె జబ్బు కొంచెం తక్కువని 2012లో తేలింది.

దీన్ని మనుషుల మీద పరీక్షించింది 2017లో వెలువడిన క్యాంటోస్. గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 లేదా అంతకంటే ఎక్కువగా ఉన్న 10,061 మందిని తీసుకున్నారు. కొందరికి వాపు గొలుసును పై మెట్టులోనే ఆపే కానకినుమాబ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఎల్‌డీఎల్ మారలేదు, సీఆర్‌పీ పడిపోయింది, పెద్ద ప్రమాదాలు 15 శాతం తగ్గాయి. వాపు కూడా ఒక కారణమేనన్న వాదనకు ఇంత సూటి రుజువు అంతకుముందు లేదు. అదే పరీక్ష మరో సంగతి కూడా చెప్పింది: ఇంజెక్షన్ తీసుకున్నవారిలో ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. వాపు శరీరానికి కాపలా కూడా. మరుసటి ఏడు వెలువడిన సర్ట్ పరీక్షలో మెథోట్రెక్సేట్ అనే మరో వాపు మందు ఇస్తే సీఆర్‌పీ తగ్గలేదు, గుండెపోట్లూ తగ్గలేదు. కాబట్టి ‘వాపు తగ్గించేది’ అన్న బిరుదు ఒక్కటే ఏ పదార్థానికీ గుండెను కాపాడే యోగ్యత ఇవ్వదు. ఏ మెట్టులో ఆపింది, ఎంత ఆపింది, దానికి శరీరం ఏం మూల్యం చెల్లించింది అన్నవి మూడూ తేలాలి.

అంకెను బాగు చేసి మనిషిని పోగొట్టుకున్న ఘటన కూడా చరిత్రలో ఉంది. హెచ్‌డీఎల్‌ను ‘మంచి కొలెస్ట్రాల్’ అంటాం. అది ఎక్కువున్నవారికి గుండె జబ్బు తక్కువ. దాన్ని పెంచే టోర్సెట్రాపిబ్ మందును 15,067 మంది మీద పరీక్షించారు. హెచ్‌డీఎల్ 72 శాతం పెరిగింది, ఎల్‌డీఎల్ పాతిక శాతం తగ్గింది. ప్రయోగశాల కాగితం చూస్తే అంతకంటే మంచి ఫలితం ఉండదు. కానీ మందు తీసుకున్నవారిలో 93 మంది చనిపోయారు, తీసుకోనివారిలో 59 మంది. 2006 డిసెంబరులో పరీక్షను ఆపేశారు. ఆ మందు రక్తపోటును పెంచింది, ఇతర హార్మోన్లనూ కదిలించింది. హెచ్‌డీఎల్ పెరగడం దానంతట అది రక్షణ కాదని తర్వాత జన్యు అధ్యయనాలూ చూపాయి. అంకె మెరుగుపడటం వేరు, మనిషి బతకడం వేరు అన్న పాఠాన్ని ఇంత కఠినంగా నేర్పిన పరీక్ష మరొకటి లేదు.

ఈ కొలబద్దతో పసుపును చూద్దాం. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఇక్కడి రైతు దశాబ్దాల కోరిక అది. ఇప్పుడు రాశి దగ్గర కొమ్ము విరుపుతో పాటు కుర్కుమిన్ శాతం కూడా ధర మాట అయింది. కుర్కుమిన్ పసుపుకు రంగునిచ్చే పదార్థం. కొమ్ము బరువులో సుమారు 3 శాతం ఉంటుంది. గాజు పాత్రలోని కణాల మీద పోస్తే అది వాపు గొలుసును అనేక చోట్ల ఆపుతుంది. ఒంట్లో సంగతి వేరు. నీటిలో కరగదు, పేగునుంచి రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది, చేరినదాన్ని కాలేయం త్వరగా మార్చేస్తుంది. అమెరికాలో 2022లో వెలువడిన స్పోర్ట్ పరీక్షలో 190 మందిని ఎనిమిది గుంపులు చేశారు. ఒక గుంపుకు రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు, ఒక గుంపుకు ఉత్తి మాత్ర, మిగతావారికి చేపనూనె, వెల్లుల్లి, దాల్చినచెక్క, పసుపు వంటి ఆరు రకాల మాత్రలు ఇచ్చారు. 28 రోజుల్లో స్టాటిన్ గుంపులో ఎల్‌డీఎల్ 37.9 శాతం తగ్గింది. పసుపుతో సహా ఆరింటిలో ఏదీ ఉత్తి మాత్ర కంటే మెరుగ్గా ఎల్‌డీఎల్‌ను తగ్గించలేదు. సీఆర్‌పీలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే ఆ పరీక్షలో పసుపు కట్టెనూ తీయలేదు, పొగనూ తగ్గించలేదు.

దీనికి గట్టి అభ్యంతరాలు ఉన్నాయి, వాటిని దాటవేయకూడదు. స్పోర్ట్ చిన్న పరీక్ష, నెల రోజులదే. నిజమే. ఎల్‌డీఎల్ మార్పు తెలియడానికి నాలుగు వారాలు చాలు గానీ గుండెపోట్ల సంగతి తేలడానికి చాలవు. 2012లో థాయ్‌లాండ్‌లో బైపాస్ శస్త్రచికిత్స జరిగిన 121 మందికి రోజుకు 4 గ్రాముల కుర్కుమినాయిడ్లు ఇస్తే ఆసుపత్రిలో ఉండగా గుండెపోట్లు 30 శాతం నుంచి 13 శాతానికి తగ్గాయని ఒక నివేదిక వచ్చింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ అది శస్త్రచికిత్స సమయంలో కండరానికి కలిగే గాయం సంగతి. పల్లెలో నడుస్తున్న మనిషి ధమని గోడలో గడ్డ పైపొర మందమైందని అది చూపలేదు. ఆ సంఖ్యలో మనుషులతో వచ్చిన ఫలితం పెద్ద పరీక్షలో నిలబడే దాకా ఆశగానే ఉండాలి. మిరియాలతో కలిపితే పసుపు ఒంటికి పడుతుందని మరో మాట. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు మిరియాల సారమైన పైపరిన్ తోడైతే రక్తంలో కుర్కుమిన్ సుమారు 20 రెట్లు పెరుగుతుందని చూపారు. ఒంటికి పట్టడం పెరిగితే హాని కూడా పట్టగలదు. పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలను అమెరికా వైద్యులు 2022లో ప్రకటించారు. ఆ మాత్రల్లో కొన్నింట మిరియాల సారం ఉంది. కూరలో వేసే చిటికెడు పసుపుకు ఈ భయం అక్కర్లేదు. మన తాతలనాటి నుంచీ అది వంటలో ఉంది, రుచికీ రంగుకూ ఉండాలి. పసుపు మీద గౌరవం ఉన్నవాళ్లమే దాని మీద చేయలేని పని మోపకుండా చూసుకోవాలి. స్టాటిన్ మాని పసుపు మాత్ర మింగిన ప్రతి మనిషి నష్టమూ చివరికి ఈ పంట పేరు మీదే పడుతుంది.

ఇంకో అభ్యంతరం ఊళ్లో తరచుగా వినిపించేది: ఇదంతా పట్నపు రోగం, చెమటోడ్చే రైతుకు ఎందుకు వస్తుంది? దీనికి మన నేల మీదే సమాధానం దొరికింది. ఉభయ గోదావరి జిల్లాల 45 పల్లెల్లో, సుమారు లక్షా ఎనభై వేల జనాభాలో, 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో సంభవించిన 1,354 మరణాలకు కారణాలను ఇంటింటికీ వెళ్లి, కుటుంబసభ్యులను అడిగి నిర్ధారించారు. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవారు 32 శాతం. అంటురోగాలతో పోయినవారు 12 శాతం. అవి పట్నాలు కావు, వరి పండే పల్లెలు. శారీరక శ్రమ మేలు చేస్తుంది. కానీ బీపీని, షుగరును, పొగాకును అది ఒక్కటే ఓడించలేదు. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టి బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి కనుక ఒక సంగతి ఇక్కడ చెప్పి తీరాలి: సిగరెట్ కాదు కదా అని తాగే బీడీ కూడా గుండెపోటు ముప్పును దాదాపు మూడు రెట్లు చేస్తుందని ఇంటర్‌హార్ట్ సమాచారం 2006లో చూపింది. పొగాకు ధమని అస్తరును గాయపరుస్తుంది, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఏ లిపిడ్ పరీక్షలోనూ దానికి ఒక వరుస ఉండదు. రక్తపరీక్ష కాగితం మీద కనిపించని కట్టె అది.

చివరి అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. రక్తం గోడ లోపల చూడలేనప్పుడు గోడనే చూసే సీటీ స్కాన్ అందరికీ చేయవచ్చు కదా? చేయగలిగిన చోట అది గొప్ప సాయం. స్కాట్లాండ్‌లో ఛాతీ నొప్పి ఉన్న 4,146 మందితో జరిగిన స్కాట్-హార్ట్ పరీక్షలో సీటీ చేయించుకున్నవారిలో ఐదేళ్లలో గుండె జబ్బు మరణం లేదా గుండెపోటు 2.3 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 3.9 శాతం. సీటీలో మెత్తటి కొవ్వు భాగం 4 శాతం దాటినవారికి గుండెపోటు ముప్పు సుమారు ఐదు రెట్లని 2020లో తేలింది. కొరియాలో 2024లో వెలువడిన ప్రివెంట్ పరీక్ష, పగిలే లక్షణాలున్న గడ్డలకు ముందే స్టెంట్ వేస్తే మేలని కూడా చూపింది. అయినా రెండు సంగతులు మరవకూడదు. స్కాట్-హార్ట్‌లో మేలు చేసింది బొమ్మ కాదు, ఆ బొమ్మ చూశాక మొదలుపెట్టిన మందులు. అంటే మళ్లీ కట్టె తీయడమే. ఇక ప్రాస్పెక్ట్‌లో మూడు చెడ్డ లక్షణాలూ కలిసి ఉన్న గడ్డల్లో కూడా మూడేళ్లలో ప్రమాదం తెచ్చినవి 18 శాతమే. మిగతావి మెదలకుండా ఉన్నాయి. గడ్డలు మారుతుంటాయి, పల్చటి పొరలు చాలావరకు తమంతట తామే మందమై మానుతాయి. ఒక గడ్డను పట్టుకుని ఇదే పగులుతుందని చెప్పలేం. కానీ ఈ మనిషి ధమనులన్నింటికీ కట్టె అందుతోందా లేదా అన్నది చెప్పగలం. ఆ మాట చెప్పేది రక్తమే. అందుకే రక్తపరీక్ష గోడను చూడలేకపోయినా దాని విలువ పోదు.

ఇవన్నీ ఒక చోట చేర్చి సిరికొండ నుంచి చూస్తే చేయవలసింది చిన్నదే, చేయగలిగేదే. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు చూపించుకోవాలి. అక్కడ తీసిన రక్తంతో లిపిడ్ పరీక్ష ఒకసారైనా చేయించుకోవాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెపోటుతో పోయి ఉంటే అపోబీ, లైపోప్రొటీన్-ఎ గురించి వైద్యుణ్ని అడగాలి. జ్వరం తగిలిన వారం, పంటి నొప్పి ఉన్న వారం తీసిన సీఆర్‌పీని చూసి భయపడనూ వద్దు, అది తగ్గిందని ధైర్యపడనూ వద్దు. బీడీ మానాలి. చేతిలోకి ఏ మాత్ర వచ్చినా, ఏ అంకె వచ్చినా మూడు ప్రశ్నలు వేయాలి: ఇది కట్టెనా, పొగనా, బూడిదా? దీన్ని మార్చినప్పుడు గడ్డ మారిందని ఎవరైనా చూశారా? గడ్డ మారినప్పుడు మనుషులు ఎక్కువ కాలం బతికారని తేలిందా? మూడు ప్రశ్నల్లోనూ నెగ్గిన అంకెలు ఇప్పటికి కొన్నే ఉన్నాయి, వాటిలో ముందున్నది ఎల్‌డీఎల్. దాన్ని దించే మాత్ర రోజూ రాత్రి మింగే మనిషికి ఏ తేడా తెలియదు. నొప్పి తగ్గినట్టు ఉండదు, బలం వచ్చినట్టు ఉండదు. ‘ఏం పని చేస్తోంది ఇది’ అని ఆరు నెలలకు మానేయాలనిపిస్తుంది. ఆ ఆరు నెలల్లో, ఎవరూ విరిచి చూడలేని ఆ గోడలో, వెంట్రుక కంటే పల్చటి పొర మీద కణాలు ఇంకొన్ని నారలు అల్లి ఉంటాయి. మానకుండా ఉండడానికి ఆ మాట తెలిసి ఉండాలి.